చలికాలంలో ఫ్రిజ్ మెకానిక్ ఏం తింటాడు?

ఫ్రిజ్‌ల పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. పెద్దాయన దగ్గర నాలుగు మాటలు వినిరండని వాళ్ళ మాస్టారు పంపిస్తాడు. కాఫీ గ్లాసు చేతిలో ఉన్నంతసేపు వినయంగా కంప్రెసర్ గురించి అడుగుతారు. గ్లాసు కింద పెట్టాక అసలు సంగతికి వస్తారు. ఈ పనిలో ఎంతొస్తుందండీ, ముందు ముందు బాగుంటుందా అని. అడగడం తప్పేమీ కాదు, కడుపు సంగతి అడగడానికి సిగ్గెందుకు? కాకపోతే ఒక్క ముక్కలో చెప్పడం నావల్ల కాదు. ఎనభైల్లో ఇదే ప్రశ్న ఒకాయన నన్ను అడిగి, జవాబు నచ్చితేనే పిల్లనిస్తానని కూర్చున్నాడు. ఆ జవాబు వెతుక్కోవడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. అందుకని ఆ చలికాలం గురించే రాస్తాను.

ప్రమోషన్ల గురించి రాద్దామంటే నాకేమీ లేవు. సొంత కొట్టులో ప్రమోషన్ అంటే స్టూలు మీంచి కుర్చీలోకి మారడమే. అది కూడా కుర్చీ కొనుక్కున్నాకే.

గుంటూరులో చదువు

మా నాన్న నరసరావుపేటలో దూదేకి పరుపులు కుట్టేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో పని, మిగతా రోజుల్లో దూది దులుపుకోవడం. నువ్వన్నా ఏడాది పొడుగునా తిండిపెట్టే పని నేర్చుకోరా మస్తానూ అని, ఎంతో ఆలోచించి నన్ను ఫ్రిజ్‌ల పనిలో పెట్టాడు. మా నాన్న ముందుచూపు అలాంటిది.

గుంటూరులో నాకు పని నేర్పిన ఉస్తాద్ చేతిపని బంగారం. రాగి గొట్టం అతికితే ఎక్కడ అతికాడో వెతుక్కోవాల్సిందే. నోటి విషయానికి వస్తే మాత్రం అంత గొప్పగా చెప్పలేను. ఫ్రిజ్ చల్లబడటం లేదని ఎవరు పిలిచినా, గడప దాటకముందే జబ్బు పేరు చెప్పేసేవాడు. గ్యాస్ పోయింది. తలుపు రబ్బరు చిరిగినా గ్యాసే, ఓల్టేజీ చాలకపోయినా గ్యాసే. ఒకసారి ప్లగ్గు ఊడి పడి ఉంటే, గ్యాస్ పోవడం వల్లే ఊడిందమ్మా అన్నాడు. ఆ ఇంటావిడ అవునా నాయనా అంది.

గ్యాస్ కంటికి కనపడదు. పోయిందో లేదో ఇంటివాళ్ళకు తెలియదు, నింపామో లేదో కూడా తెలియదు. జీతం ఎంత అని అడిగే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. ఈ పనిలో రెండు జీతాలున్నాయి. ఒకటి చేసిన పనికి వచ్చేది, రెండోది పోని గ్యాస్‌కు వచ్చేది. రెండోది మొదటిదానికంటే చాలా ఎక్కువ. ఉస్తాద్ దానితోనే మేడ కట్టాడు. ఆ మేడ చూసి నాకు కుళ్ళు లేదని చెబితే నవ్వుతారు. నేను నేర్చుకున్నన్నాళ్ళూ నాకు దక్కింది రెండుపూటలా భోజనం, పండక్కి ఊరెళ్ళడానికి బస్సు చార్జీ.

ఉస్తాద్‌కు ఇంకో అలవాటు కూడా ఉండేది. ఫ్రిజ్‌ను గోడ దగ్గర నుంచి ముందుకు లాగి వెనక భాగం చూసేవాడు కాదు. ఆయన బద్ధకాన్నే అనడం కూడా న్యాయం కాదు. ఆ రోజుల్లో మా వైపు ఫ్రిజ్ వంటింట్లో ఉండేది కాదు, ముందు గదిలో, వచ్చిన చుట్టాలకు కనపడేచోట ఉండేది. దాని నెత్తిమీద లేసు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పళ్ళు, పెళ్ళి ఫోటో, గడియారం, ఇత్తడి ఏనుగులు. లాగాలంటే ఆ సంసారమంతా దించాలి. ఏనుగు తొండం విరిగితే రిపేరు డబ్బులు దానికే పోతాయి. నేను కొట్టు పెట్టాక మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ఇంటికి పోయినా ముందు ఏనుగులు దించి, ఫ్రిజ్ వీపు చూసి, ఆ తర్వాతే నోరు తెరవడం.

కార్తీకం నుంచి తిరునాళ్ళ దాకా

నరసరావుపేటలో స్టేషన్ రోడ్డు పక్క సందులో కొట్టు తెరిచాను. మంచి ఎండల్లో తెరిచాను కాబట్టి నా అంత అదృష్టవంతుడు లేడనుకున్నాను. కూల్ డ్రింకుల కొట్లవాళ్ళు, మందుల షాపులవాళ్ళు రిక్షా పంపించి మరీ పిలిపించుకునేవాళ్ళు. మస్తానూ, మజ్జిగ తాగు నాయనా అని మర్యాదలు. డాక్టరు గారి కోసం ఎదురుచూసినట్టు నాకోసం ఎదురుచూసేవాళ్ళు. ఇట్లాగే ఉంటే రెండేళ్ళలో ఉస్తాద్ మేడ పక్కన నేనూ ఒకటి వేస్తాననుకున్నాను.

కార్తీకమాసం వచ్చింది. మనుషులు దీపాలు పెట్టుకున్నారు, నా దీపం ఆరిపోయింది.

మా ఊళ్ళ పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు. చలి మొదలవగానే ఫ్రిజ్ ఆపేసేవాళ్ళు. కుండలో నీళ్ళే జిల్లుమంటుంటే కరెంటు బిల్లు ఎందుకని. మళ్ళీ వేసేది శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్ళ అయ్యాకే. ఆపిన ఫ్రిజ్‌ను ఊరికే ఉంచుతారా? తాళం ఉంది, అరలున్నాయి, ఎలుక దూరదు. అంతకంటే మంచి బీరువా ఏముంది? పట్టుచీరలు, పొలం కాగితాలు, పిల్లల కొత్త బూట్లు, ఏడాదికి సరిపడా చింతపండు అందులోకి చేరేవి. తాళంచెవి ఇంటావిడ బొడ్లో. నేను వీధిలో కనపడినా, నువ్వు మళ్ళీ ఎండల్లోనే నాయనా మాకు కనపడేది అని నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు.

రేషన్ డీలరు గారి భార్య ఒక ఏడాది తిరునాళ్ళ నుంచి రాగానే, లోపల ఏమున్నాయో మరిచిపోయి స్విచ్ వేసింది. తెల్లారేసరికి పట్టుచీరల మీద మంచు. చీరలు పాడుచేసే ఫ్రిజ్‌ను బాగుచేసి పెట్టావేందని నన్ను పిలిచి నిలదీసింది. ఆవిడకు సర్దిచెప్పడానికి పట్టిన సమయంలో రెండు కంప్రెసర్లు మార్చొచ్చు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెబుతున్నాను, పనిలో సగం రిపేరు, సగం వినడం. రెండోదానికి ఎవరూ కూలి ఇవ్వరు.

సైదా మేస్త్రి

ఆ రోజుల్లోనే మా పెద్దమ్మ పిడుగురాళ్ళ నుంచి ఒక సంబంధం తెచ్చింది. పిల్ల పేరు గౌసియా. తండ్రి సైదా, సున్నం బట్టీలో మేస్త్రి. మనిషి నిలువెల్లా తెల్లగా ఉండేవాడు. నెత్తిన వయసుకు నెరిసిన వెంట్రుకలేవో, సున్నానికి తెల్లబడినవేవో ఆయనకు కూడా తెలియదు. పెళ్ళిచూపులకు పోతే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రాయి నాణ్యం చూసినట్టు అటూ ఇటూ చూసి మొదలుపెట్టాడు.

“మీ ఊళ్ళో ఫ్రిజ్జులు ఎన్నుంటయ్యి?”

వందో రెండొందలో ఉంటాయన్నాను.

“అన్నీ చెడిపోవు గదా?”

పోవన్నాను.

“చెడినయ్యి నువ్వు బాగుచేస్తే మళ్ళీ చెడతయ్యా?”

నాకు పౌరుషం వచ్చింది. నా చేత్తో బాగుచేస్తే చెడవన్నాను.

“అంటే, నువ్వు పని బాగా చేసేకొద్దీ నీకు పని తగ్గుద్ది,” అని ఆయన కాసేపు ఆలోచించుకున్నాడు. “సరే. చలికాలం ఏం తింటావు?”

లోపలి గుమ్మానికి కట్టిన చీర తెర వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. తర్వాత టీ తెచ్చిన అమ్మాయి కళ్ళలో ఆ నవ్వు ఇంకా మిగిలే ఉంది. ఆ ఒక్క చూపుకే గౌసియా నాకు నచ్చింది. ఎంత నచ్చిందో ఈ వయసులో రాస్తే మా మనవరాళ్ళు ఏడిపిస్తారు. టీలో చక్కెర ఉందో లేదో కూడా చెప్పలేను.

మేస్త్రి ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. మా పెద్దమ్మే అడ్డుపడి, ఎడ్లపాడు కోల్డ్ స్టోరేజి వాళ్ళు వీణ్ణి ఉద్యోగానికి పిలుస్తున్నారని చెప్పింది. అది నిజమే. మిరపకాయ బస్తాలు దాచే ఆ కోల్డ్ స్టోరేజిలో మెషిన్లు చూసుకోవడానికి మనిషి కావాలి, నెలకు ఆరు వందలు, ఎండైనా చలైనా అదే ఆరు వందలు. కొత్త మిరపకాయ రావడం మొదలయ్యేలోపు ఏ సంగతో చెప్పమని మేనేజరు గడువిచ్చాడు. నేనే నాన్చుతున్నాను. అక్కడి మెషిన్లు పెద్దవి, పనేమో చిన్నది. పన్నెండు గంటలు కూర్చుని మీటరు ముల్లు ఎక్కడుందో చూస్తుండాలి. మాట్లాడటానికి మనిషుండడు, అమ్మోనియా వాసన తప్ప తోడుండదు. నాకు ఇళ్ళల్లోకి పోవాలి, ఏనుగులు దించాలి, నలుగురితో మాట్లాడాలి. ఉద్యోగం చెడ్డదని అనను. అలాంటిది దొరికితే చేరండని ఎంతోమంది పిల్లలకు నేనే చెప్పాను. నాకు మాత్రం ఊపిరాడదు.

సైదా మేస్త్రి ఇవేవీ వినలేదు. ఎడ్లపాడులో చేరితే పెళ్ళికి ఇప్పుడే ఒప్పుకుంటానన్నాడు. కొట్టే పెట్టుకుని ఉంటానంటే, ఈ చలికాలం నేనెట్లా బతుకుతానో తన కళ్ళతో చూసి చెబుతానన్నాడు. కొట్టే పెట్టుకుంటానన్నాను. మా పెద్దమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

ఆదివారాలు

మాటలకే అన్నాడనుకున్నాను. ఆదివారం పొద్దున కొట్టు తెరిచేసరికి పిడుగురాళ్ళ బస్సు దిగి వచ్చి నిలబడి ఉన్నాడు. స్టూలు లాక్కుని గుమ్మం పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరం రోడ్డు వైపు చూశాం. ఒకామె వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. పోస్టాఫీసు ఎటో అడిగి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం కూడా వచ్చాడు, ఆ తర్వాత కూడా. కాబోయే మామ ఎదురుగా కూర్చుని మన దరిద్రాన్ని చూస్తుంటే పడే బాధ పగవాడికి కూడా వద్దు. పని ఉన్నట్టు కనపడాలని తుడిచిన స్పానర్లే తుడిచేవాణ్ణి. ఆయన అది కూడా గమనించేవాడు. ఆ స్పానర్లు అరిగిపోతయ్యిరా అబ్బాయ్ అనేవాడు. ఇస్త్రీపెట్టె పట్టుకుని ఒకతను వస్తే, ఫ్రిజ్ మెకానిక్ ఇస్త్రీపెట్టె ముట్టుకోవడమా అనుకోకుండా రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాను. మిక్సీలు, ఫ్యాన్లు, టేబుల్ లైటు, ఒకసారి ఎవరిదో సైకిల్ డైనమో కూడా. మెల్లగా ఆ చలికాలం సంపాదన ఇడ్లీకి సరిపోయేది, చట్నీకి సరిపోయేది కాదు.

రానురాను మేస్త్రికే నామీద జాలి పుట్టింది. రోడ్డున పోయే ఆడవాళ్ళను తనే పలకరించడం మొదలుపెట్టాడు. ఏమ్మా, మీ ఇంట్లో ఫ్రిజ్జు బాగుందా అని. కొందరు భయపడి గబగబా వెళ్ళిపోయేవాళ్ళు. తెల్లటి మనిషి, ఎర్రటి కళ్ళు, అడిగేదేమో ఫ్రిజ్ ఆరోగ్యం. వద్దు మామా, వచ్చే ఒకరిద్దరు కూడా రారని బతిమాలి ఆపించాను.

పెళ్ళింట్లో ఫ్రిజ్

మాఘమాసంలో మేస్త్రి ఆదివారం కాని రోజున వచ్చాడు. పిడుగురాళ్ళలో తమ బట్టీ ఓనరు గారింట్లో పెళ్ళి, చలికాలమంతా ఆపి ఉంచిన ఫ్రిజ్ పెళ్ళి కోసం వేస్తే చల్లబడటం లేదు. గుంటూరు నుంచి మెకానిక్ వచ్చి గ్యాస్ నింపాడు. మళ్ళీ అంతే. మళ్ళీ వచ్చి మళ్ళీ నింపాడు. మా ఉస్తాద్ బడిలో చదివినవాడే అయి ఉంటాడు. ఈసారి మేస్త్రి నా పేరు చెప్పాడు. నాకు కాబోయే అల్లుడు అనలేదట, తెలిసినవాడు అన్నాడట. జాగ్రత్తపరుడు.

ఇల్లంతా పందిళ్ళు, పూలు. గోడలు కళ్ళు చెదిరేటంత తెల్లగా ఉన్నాయి. సున్నం బట్టీ ఓనరు ఇంటికి సున్నానికి లోటా? ఓనరు వక్కపొడి నములుతూ వచ్చి, గ్యాసేనా అని అడిగాడు. చూసి చెబుతానని పెళ్ళికూతురి ఫోటో, ఇత్తడి నెమలి దించి, ఫ్రిజ్ ముందుకు లాగి వెనక్కి పోయాను.

ఫ్రిజ్ వీపున నల్లటి ఇనుప జాలి ఒకటి ఉంటుంది. లోపలి వేడి అంతా ఆ జాలిలోకి వచ్చి గాలికి పోతుంది. ఆ దారి మూస్తే ఫ్రిజ్ చల్లబడదు. నేను చూసిన జాలి తెల్లగా ఉంది. సన్నటి కడ్డీల మధ్య సందులన్నీ ఇడ్లీ పిండి పోసినట్టు సున్నంతో పూడిపోయి, ఎండి, గట్టిపడి ఉన్నాయి. నా సర్వీసులో తెల్ల జాలి చూడటం అదే మొదలు, అదే చివర.

మేస్త్రి నా భుజం మీంచి తొంగి చూశాడు. ముఖం వెలిగిపోయింది. “పెళ్ళిల్లు గదా, నల్లంగా బూజు పట్టినట్టు ఉంటే బాగుండదని నేనే దగ్గరుండి రెండు పూతలు ఏపిచ్చా,” అన్నాడు మెల్లగా.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆ చూపు చాలు, ఆయనకు అర్థమైంది. తెల్లటి మనిషి ఇంకా తెల్లబోయాడు. ఓనరు దగ్గర ఆయన పనిచేస్తున్నది నిన్నా మొన్నా కాదు. రెండుసార్లు గుంటూరు మెకానిక్‌కు ఇచ్చిన డబ్బు, పెళ్ళిముందు ఇంత హైరానా, అంతా ఆయన పూసిన సున్నం వల్లే.

బయట నుంచి ఓనరు, ఏమయ్యా గ్యాసేనా అని మళ్ళీ అడిగాడు. అంతకంటే తేలికైన జవాబు నా జన్మలో ఎప్పుడూ దొరకలేదు. అవునండీ అంటే చాలు. పెళ్ళివారు బేరమాడరు. మేస్త్రి పరువు దక్కుతుంది. జాలి ఎవరూ చూడకుండా కడిగేస్తే ఫ్రిజ్ బాగవుతుంది, నేనే గొప్పవాణ్ణి. పైగా పిల్లనివ్వాల్సిన మనిషి నా పక్కనే నిలబడి, నా నోటి వైపే చూస్తున్నాడు.

“గ్యాస్ నిండుగా ఉందండీ,” అన్నాను. “వెనక జాలికి గాలి ఆడటం లేదు. కడిగితే చాలు.”

అమ్మగారిని చింతపండు అడిగాను. పులిహోరకు నానబెట్టిన గిన్నె అయిష్టంగానే ఇచ్చింది. ప్లగ్గు తీసి, ఆ పులుసు పూసి, బ్రష్షుతో రుద్ది, కడ్డీ కడ్డీకీ సున్నం ఊడదీసి, నీళ్ళతో కడిగి తుడిచి ఆరబెట్టాను. మేస్త్రి నీళ్ళు అందించాడు. గోడకు జానెడు ఎడంగా జరిపి స్విచ్ వేశాను. మధ్యాహ్నం భోజనాల వేళకు ఫ్రీజర్ గోడలకు మంచు పట్టింది. ఓనరు చెయ్యిపెట్టి చూసి సంతోషపడ్డాడు. తర్వాత ఆయనకు అనుమానం వచ్చింది.

“గాలి ఎందుకు ఆడలా?”

సున్నం పడిందండీ అన్నాను.

“సున్నం ఎవరు ఏశారు దానికి?”

నేను గుడ్డ తీసుకుని, తుడిచిన తలుపునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు మేస్త్రి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నేనే ఏపిచ్చానండి. మురిగ్గా ఉంటే బాగుండదని.”

ఓనరు ఆయన వైపు చూస్తూ నిలబడ్డాడు. “మన బట్టీ సున్నమేనా?” అని అడిగాడు చివరికి.

“మనదేనండి. మొదటి రకం.”

“అందుకే అంత గట్టిగా పట్టింది,” అని ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మగారు నవ్వింది, చుట్టాలు నవ్వారు. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు.

తెర వెనక మాట

వాళ్ళింటికి నడుస్తుంటే దారిలో మేస్త్రి మొదలుపెట్టాడు. గ్యాస్ అని ఉంటే నా పరువు నిలబడేది గదా అన్నాడు. నిలబడేదన్నాను. నీకు డబ్బులు కూడా వచ్చేయి అన్నాడు. వచ్చేవన్నాను. మరెందుకు అనలేదని అడిగాడు. ఒక ఇంట్లో అంటే ఇంకో ఇంట్లో కూడా అనాలనిపిస్తుంది మామా, మా ఉస్తాద్‌కు అట్లాగే అలవాటైంది అన్నాను. ఆయన ఆగి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువుకు సంబంధం ఖాయమైందనే అనుకున్నాను.

“నువ్వు మంచోడివిరా మస్తానూ,” అన్నాడు. “మంచితనం వండుకుని తినలేంగా. ఇట్టాంటోడివి ఏ చలికాలమూ గట్టెక్కవు. ఎడ్లపాడు పోయి చేరు. చేరితే పిల్లనిస్తా.”

అంతే. గోడకు సున్నం కొట్టినంత తేలిగ్గా తేల్చేశాడు. ఇంట్లోకి పోయి మంచం మీద కూర్చున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. గౌసియా కావాలంటే ఆ ముల్లు ముందు పన్నెండు గంటలు కూర్చోవాలి. కూర్చుందాం, ఏముంది, ఎంతమంది కూర్చోవడం లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. సరే మామా, చేరతాననడానికి నోరు తెరిచాను.

“చలికాలం ఏం తింటావన్న ప్రశ్న మా నాన్నది కాదు,” అని తెర వెనక నుంచి గౌసియా అంది. “అడగమంది నేను.”

మేస్త్రి నేలచూపులు చూశాడు.

“వానలు పడితే బట్టీ ఆగిద్ది. బట్టీ ఆగితే మా పొయ్యి కూడా సగమే ఎలిగేది. మా అమ్మ మాకు పెట్టి, తనకి ఆకలి లేదనేది. చానా ఏళ్ళు అది నిజమే అనుకున్నా. అందుకని అడగమన్నా. ఎగతాళికి కాదు.”

పెళ్ళిచూపులప్పుడు నవ్వింది నువ్వే గదా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఎడ్లపాడులో చేరతాడులే అమ్మా అన్నాడు మేస్త్రి. ఆమె తెర పక్కకు జరిపి బయటికి వచ్చింది. నాతో కాదు, తండ్రితో మాట్లాడింది.

“ఆ కోల్డ్ స్టోరేజీ ఒకనాడు మూసేస్తే? ఒక మనిషి సంపాదన మీద ఇల్లంతా కూచుంటే ఏమైద్దో మనం చూడలా నాన్నా? అది బట్టీ అయితే ఏంది, ఎడ్లపాడు అయితే ఏంది?” అంది. తర్వాత నావైపు తిరిగింది. “నాకు కుట్టుపని వచ్చు. చలికాలం అంతా పెళ్ళిళ్ళే, జాకెట్లు కుట్టేవాళ్ళకి ఊపిరాడదు. చలికాలం నేను చూసుకుంటా. ఎండాకాలం మీరు చూసుకోండి. వానాకాలం ఇద్దరం కలిసి చూసుకుందాం.”

మేస్త్రి, సరేలే అమ్మా, నీ ఇష్టం అన్నాడు. ఆయన ఆదివారాలన్నీ స్టూలు మీద కూర్చుని వెతికిన జవాబు ఇంట్లోనే ఉంది.

ఆమె అన్న మాట అన్నట్టే జరిగింది. నా కొట్టు ముందు సగంలో కుట్టు మిషను పడింది. పెళ్ళైన మొదటి చలికాలం మేం తిన్నదంతా ఆమె కుట్టిన జాకెట్ల మీదే. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళతో మాటల్లో మాటగా, ఆపేసిన ఫ్రిజ్ నెలకోసారి కాసేపు వేసి నడపకపోతే చెడిపోతుందని ఆమే చెప్పేది. వాళ్ళు నన్ను పిలిచేవాళ్ళు. తాళంచెవులు బొడ్లోంచి బయటికి వచ్చాయి. నేను ఎన్ని చలికాలాలు వీధుల్లో తిరిగినా రాబట్టలేని పని అది. ఈ వృత్తిలో ఎంతొస్తుందని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. నెలవారీ లెక్క చూడకండి, ఏడాది లెక్క చూడండి. ఆ లెక్కలో ఇంట్లో ఆడమనిషి సంపాదన కలపకుండా, నా చేతిపనితోనే పైకొచ్చానని చెప్పే మెకానిక్ కనపడితే, వాణ్ణి గ్యాస్ పోయిందా అని అడగండి.

ఇక ఎడ్లపాడు సంగతి. గడువిచ్చినాయన దగ్గర దాక్కోవడం పద్ధతి కాదు కాబట్టి, మర్నాడే చిలకలూరిపేట మీదుగా బస్సులో వెళ్ళాను. కొత్త మిరపకాయ బస్తాలు అప్పుడే దిగుతున్నాయి, ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. మేనేజరు నన్ను చూసి, ఎప్పుడు చేరుతున్నావు అన్నాడు. చేరనండి, ఏమీ అనుకోవద్దు అన్నాను. ఏమొచ్చిందయ్యా అని అడిగాడు.

“పెళ్ళి కుదిరిందండీ.”

పెళ్ళి కుదిరినవాడు ఉద్యోగం వెతుక్కుంటూ రావడం ఆయన చూశాడు గానీ, వద్దని చెప్పడానికి రావడం చూడలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, పిల్ల తరపువాళ్ళకు ఈ సంగతి తెలుసా అని అడిగాడు. ఆ పిల్లే వద్దందండీ అన్నాను. ఆయన తుమ్మి, కళ్ళు తుడుచుకుని, అయితే ఆ పిల్లను చేరమని అడుగు అన్నాడు.